బ్లజేన చావుకబురు

ఓట్మార్ సానరాయి మీద నూనె చుక్క వేసి సన్న ఉలి నూరుతున్నాడు. నూరుతున్నంతసేపూ మంచం వైపు చూడలేదు. మంచంలో అతని భార్య బ్లజేన దిండ్లకు ఆనుకుని, ఒళ్లో బేరిపండు చెట్టు చెక్క పెట్టుకుని, తన చావుకబురు తానే చెక్కుకుంటోంది.

ఆ ఊళ్లో మనిషి పోతే పేరు, వృత్తి, తేదీ నల్లంచు కాగితం మీద అచ్చువేసి, కొట్టు గోడకున్న గాజు పెట్టెలో పెడతారు. రొట్టె కొనడానికొచ్చిన ప్రతివాళ్లూ దాని ముందు ఆగుతారు. పోయిన మనిషి ఏమిటన్నది ఊరు చెప్పే ఆఖరి మాట అదే.

"చేతులు వణుకుతున్నాయి. ఇక చాల్లేవే," అన్నాడు ఓట్మార్.

"వణికేది చెయ్యి. ఉలి కాదు. ఇటివ్వు. వాళ్లకి వదిలేస్తే ఏం రాస్తారో తెలీదా? పింఛనుదారు! నన్ను పింఛనుదారుగా పూడ్చిపెడతారా, సన్నాసులు!"

ఆమె వేళ్ల కణుపులు వాచి ఉన్నాయి. తెల్లవారకముందే సమష్టి వ్యవసాయ క్షేత్రం పశువులశాలలో చన్నీళ్లతో పొదుగులు కడిగి పాలు పిండిన చేతులవి. మధ్యాహ్నం నుంచి అవే చేతులు చెక్కేవి. కథలు తనే రాసింది, బొమ్మలు తనే వేసింది, అక్షరాలతో సహా పేజీలన్నీ చెక్కలో తవ్వి పుస్తకాలు చేసింది. ప్రాగ్‌లో కళాకారుల సంఘం వాళ్లు వాటిని తిరగేసి, ఇందులో ఆశ లేదు, ట్రాక్టరు లేదు అన్నారు. సభ్యత్వం ఇవ్వలేదు. సభ్యత్వం లేని మనిషి చిత్రకారిణి కాదు. ఇంట్లో అచ్చుయంత్రం ఉంచుకునే హక్కూ లేదు. ఊరి కమిటీ అధ్యక్షుడు హ్లవాచ్ బండి తోలుకొచ్చి దాన్ని ఎత్తుకుపోయాడు. కమిటీ కొట్టంలో అది తుప్పుపడుతోంది. ఎవరికీ పనికిరాలేదు. పనికిరాకూడదనే ఎత్తుకుపోయారు.

అప్పటినుంచీ సిరా పూసిన చెక్క మీద కాగితం పరిచి చెంచా వీపుతో రుద్ది అచ్చు తియ్యడం ఓట్మార్ పని.

"ఒక అచ్చు తీసి చూపించకూడదూ?" అంది బ్లజేన.

"బతికున్న మనిషి చావుకబురు నేను తియ్యను."

"సరే, కాసేపు ఓపిక పట్టు. తేదీ చోటు ఖాళీ వదిలాను, పెన్నుతో రాసెయ్యి. నీ చేతికి ఉలి ఇచ్చానంటే చెక్క పొయ్యిలోకే."

అతను నవ్వి, బంగాళాదుంపల చారు వెచ్చబెట్టడానికి వంటింట్లోకి వెళ్లాడు. గిన్నెతో తిరిగొచ్చేసరికి ఆమె గడ్డం ఛాతీకి వాలి ఉంది. చెక్క మీది పొట్టు శుభ్రంగా ఊదేసి ఉంది. ఒక్క గీతా బాకీ లేదు. ఓట్మార్ చారు గిన్నె కిటికీలో పెట్టి, ఆమె వేళ్లలోంచి ఉలి తీసి, తుడిచి, ఆమె కనురెప్పలు మూశాడు. దుప్పటి మీద పడ్డ పొట్టు దులపలేదు.

నర్సు వచ్చి, చనిపోయిందని కాగితం మీద సంతకం పెట్టి వెళ్లింది. పొద్దు వాలకముందే కమిటీ టైపు యంత్రం తన పని తాను చేసింది. గాజు పెట్టెలో, విత్తనపు దుంపల మీటింగు నోటీసుల దొంతర మీద, కాగితం వేలాడింది: "బ్లజేన వోండ్రుష్కోవా, పింఛనుదారు."

హ్లవాచ్ అక్కడే నిలబడి చుట్ట కాలుస్తున్నాడు.

"ఆమె చిత్రకారిణి," అన్నాడు ఓట్మార్.

"సంఘంలో పేరుందా, కామ్రేడ్? లేదు. పోనీ, పాలు పిండేదని మార్చమంటావా? అదీ గౌరవమైన పనే."

"గౌరవమైన పనే. బతికుండగా ఆ మాట ఒక్కసారన్నా దాని మొహాన అన్నావా?"

"భార్య పోయినవాడివి, ఏడవక ఈ మాట పట్టుకుని వేలాడతావేం?"

"ఏడవడానికి నాకు ముందు బోలెడు బతుకుంది."

ఇంటికెళ్లి చెక్కకు సిరా పట్టించాడు. చెంచాతో రుద్దాడు. అంత నల్లగా, అంత తేటగా అతని చేతిలో అంతకుముందెన్నడూ ఏ అచ్చూ రాలేదు. తేదీ రాశాడు. ఆ నూనె సిరా ఆరాలంటే తీగ మీద రెండు రోజులు వేలాడాలి. అతను రెండు నిమిషాలు కూడా ఆగలేదు. తడి కాగితాన్ని మూలలు పట్టుకుని వీధి వెంట నడిచాడు.

కొట్లో హెద్వీక రొట్టెలు సర్దుతోంది.

"పెట్టె తాళంచెవి కొక్కేనికుంది, పెద్దాయనా. నేను అటు తిరిగున్నాను. నాకేం తెలీదు," అంది.

కమిటీ కాగితం మీద ఓట్మార్ తనది గుచ్చాడు. లోపల దొంతర మందం, పెట్టె లోతు తక్కువ. తలుపు పడలేదు. అరచేత్తో గాజును గట్టిగా అదిమి తాళం వేశాడు.

"బ్లజేన వోండ్రుష్కోవా. రచయిత్రి. చిత్రకారిణి. అచ్చుబొమ్మలు చెక్కింది. ఎవరి అనుమతీ అడగలేదు."

రొట్టెల కోసం వచ్చినవాళ్లు ఆగారు. ఒక ముసలాయన టోపీ తీశాడు. అంతలో హ్లవాచ్ వచ్చాడు. కొక్కేనికున్న చెవితో తాళం తీసి, తలుపు లాగి, ఓట్మార్ కాగితం పీకి, ఉండచుట్టి, తాళం వేసి చెవి జేబులో పడేసుకున్నాడు. వేళ్లు నల్లబడ్డాయి.

"ఇంటికి పో, ముసలోడా. నీ దుఃఖం చూసి కేసు రాయడం లేదు," అని వెళ్లిపోయాడు.

ఓట్మార్ వెనుదిరిగాడు.

"పెద్దాయనా," హెద్వీక గొంతు తగ్గించింది. "ఇటు చూడు."

తడి సిరా గాజు లోపలివైపు అంటుకుపోయింది. పేరు, అంచు, ఆఖరి వాక్యం, అన్నీ వీధివైపు సరిగ్గా చదవడానికి వీలుగా నిలిచాయి. తాళం వేసింది అధ్యక్షుడే. హెద్వీక గుడ్డ తడిపి, అందరూ చూస్తుండగా, గాజును బయటివైపు నుంచి శ్రద్ధగా తుడిచింది.

"పోవడం లేదే! నేను తుడిచానని మీరే సాక్ష్యం," అంది.

జనం వెళ్లారు. ఓట్మార్ వెళ్లాడు. పింఛనుదారు అన్న మాటకు అడ్డంగా, గాజు మీద నల్లంచు ఇంకా తడిగా మెరుస్తోంది.