పెట్టిన రోజు

గుడ్డును లైటు ముందు పట్టుకుని మణికట్టు తిప్పాడు అంకారావు. లోపల ఎర్రటి దారాలు అల్లుకుని కనిపిస్తే బతికున్నది, తేటగా ఉంటే ఉత్తది. నరసరావుపేట శివారులోని ఈ హేచరీలో ఇరవై ఆరేళ్లుగా అతని పని ప్రతిదాన్నీ అనుమానించడమే. పాలవాడి క్యాను అడుగు తడిమి చూస్తాడు. బస్సులో పక్కవాడి చేతులు గమనిస్తాడు. భార్య రోశమ్మ బతికున్న రోజుల్లో ఆమె వేసిన తాళాన్ని కూడా వెనక్కి వెళ్లి లాగి చూసేవాడు. ఎవరి చేతిలోనూ మోసపోలేదన్నదే ఇన్నేళ్లకు అతనికి మిగిలిన లాభం.

ఐదో రోజు గుడ్లు ముప్పై ఏరి, ఒక్కోదాని మీద పెన్సిల్‌తో 5 వేశాడు. ఇవి పిల్లలు చేయడానికి కాదు, ఒక యూనివర్సిటీ ల్యాబ్‌కు. నెల కిందట మొదలైన బేరం. మొదటి వారం నుంచీ ఒకటే ఫిర్యాదు, గుడ్ల వయసు తప్పుతోందని. యజమాని వెంకట్రామయ్య నిన్న అడిగితే అంకారావు తడుముకోలేదు.

"నా చేతిలో తప్పుండదండి. బండి తోలే సల్మాన్ దారిలో పగలగొట్టి, తక్కువ రోజులవి తెచ్చి సర్దుతున్నాడేమో చూడండి."

పొద్దున్నే సల్మాన్‌కు ఫోన్ వచ్చింది, వ్యాను తాళాలు ఇచ్చేసి వెళ్లమని. వాడు ఎందుకని అడగలేదు. వెళ్లేముందు వ్యాను కడుగుతున్నాడు. అదీ అంకారావుకు అనుమానంగానే తోచింది. తప్పు చేయనివాడు గొడవ చేయడా?

పదింటికి ల్యాబ్‌లో పరిశోధన చేసే లిఖిత స్వయంగా వచ్చింది.

"ఇవి ఐదు రోజులవేనా అంకుల్?"

"నువ్వు పుట్టకముందు నుంచీ చూస్తన్నానమ్మా గుడ్లని. అయినా ఒక్క రోజుకి ఏంది ఇంత గోల?"

ఆమె ఒక గుడ్డును లైటు ముందు పెట్టింది. "ఈ నల్ల చుక్క దగ్గర మెదడు తయారవుతోంది. అందులో తల్లి కణాలుంటాయి. ఒకే తల్లి కణం ముందు ఒక రకం నరాల కణాల్ని ఇస్తుంది, తర్వాత ఇంకో రకం, ఆ తర్వాత వేరే. ఏ రోజు పుట్టిందన్నదాన్ని బట్టి అది ఏ పనికొస్తుందో చానావరకు తేలిపోద్ది. నేను ఐదు రోజులప్పుడు పుట్టేవాటికి రంగేసి చూడాలి. నాకు నాలుగు రోజులవే దొరుకుతున్నాయి. ముప్పై గుడ్లల్లోనూ."

"అన్నిట్లోనా?"

"అన్నిట్లోనూ. అసలు మీరు రోజులు ఎట్టా లెక్కేస్తారు?"

"ఎట్టా ఏంది, పొదిగే మిషన్లో పెట్టిన రోజు ఒకటి. మా రోశమ్మ పదకొండో రోజు చేసినప్పుడు పోయిన రోజు వదిలేశామా?"

"మాకు పెట్టిన రోజు సున్నా అంకుల్. ఇరవై నాలుగు గంటలు నిండితేనే ఒకటి."

అంకారావు చేయి ఆగింది. తన ఐదు ఆమెకు నాలుగే. సోమవారం పెట్టిన గుడ్డు మూడు వారాలకు సోమవారమే పగులుతుంది. వారాన్ని నమ్ముకున్న పనిలో ఇన్నేళ్లూ రోజుల లెక్క ఎవరికీ అవసరం పడలేదు.

యజమానికి చెబితే ఇరవై ఆరేళ్ల పేరు పోతుంది. చెప్పకపోతే సల్మాన్ కూడు పోతుంది. రెండింటినీ తూచుకుంటూ మరో ట్రే ముందుకు లాక్కున్నాడు. ఇది అయ్యాక చెబుదామనుకున్నాడు.

లిఖిత వెళ్లాక గుమ్మంలో సల్మాన్ నిలబడ్డాడు. "తాళాలు మేకుకు తగిలించా బాబాయ్. వెనక టైరులో గాలి తగ్గింది, వచ్చేవాడికి చెప్పు."

"యాడికిరా?"

"దాచేపల్లి. సిమెంటు లారీకి డ్రైవర్ కావాలంట. నామీద ఎవరేం చెప్పారో నీకేమన్నా తెలుసా?"

అంకారావు గుడ్డు తిప్పాడు. లోపల దారాలు కదిలాయి. తల ఎత్తేసరికి గుమ్మం ఖాళీగా ఉంది.

ట్రే పూర్తిచేసి రోడ్డు మీదకు వచ్చేసరికి దాచేపల్లి బస్సు మలుపు తిరిగిపోయింది. ఫోన్ తీసి, సల్మాన్ పేరు మీద వేలు ఆనించి, మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. వ్యాను వెనక తలుపు తీసి, చేతిలైటు వెలిగించి లోపలికి వంగాడు. గుడ్లు కదలకుండా సల్మాన్ పాత స్పాంజి పరుపు కోసి చేసిన పెట్టె అక్కడే ఉంది. బ్లేడుతో గుండ్రంగా తీసిన ముప్పై గుంటలు. ఒక్కో గుంటలోకీ లైటు వేసి చూశాడు. ఎక్కడా సొన మరక లేదు.