ధరూరు మన్ను

మా గద్వాల మట్టి పరీక్ష ల్యాబును ఎవరైనా తప్పుపడితే నాకు ఒళ్లు మండుతుంది. అందుకే ధరూరు రైతు కురుమయ్య వచ్చి "మీ మిషన్లు అబద్ధమాడుతున్నయ్ షాజియా మేడమ్" అనగానే చేతిలో ఉన్న సీసా బల్ల మీద టక్కున పెట్టాను.

అయితే అతని గోడు న్యాయమైనదే. రెండేళ్లుగా అతని మట్టి భేషుగ్గా ఉందని రాసిస్తున్నాం. రెండేళ్లుగా అతని పల్లికాయల్లో గింజ లేదు.

"ఈపారి గూడ గిట్లనే అయితే చేను కౌలుకిచ్చి నేనూ నా పెండ్లాం వెంకటమ్మా బొంబాయికి పోతం, కూలికి" అన్నాడు.

ఆ మాట గుచ్చుకుంది. అతను తెచ్చిన మట్టినే మూడు సంచుల్లో పోసి, పేరు తెలియకుండా వేరువేరుగా పరీక్ష చేయించాను; దీన్నే మేం నాణ్యత తనిఖీ అంటాం. మూడింటికీ ఒకటే ఫలితం. వేరే ల్యాబుకి పంపినా అదే. మేం పాసయ్యాం, పల్లి ఫెయిలైంది! సంతోషించాలో ఏడవాలో తెలియలేదు.

ఆ ఫలితం వచ్చిన మరునాడు ఆటో ఎక్కి ధరూరు పోయాను. "మన్ను యాడ తీసినవ్ పెద్దయ్యా?"

పెంటకుప్ప పక్కన చూపించాడు. చేనంతా ఎర్రటి గరుకు నేల. అక్కడొక్కచోటే మట్టి నల్లగా, మెత్తగా ఉంది.

"అంతా ఇడిసిపెట్టి ఈడనా?"

"మరేంది? పిల్లను సూడనొస్తే మాసిన చీరల కూసోబెడ్తమా? సర్కారాఫీసుకు పోయే మన్నాయె. జర మంచిది తెచ్చిన."

"పెండ్లప్పుడు గూడ గంతే" అంది వెంకటమ్మ. "ఎవ్వరిదో గడియారం పెట్టుకొని కూసున్నడు."

నవ్వు ఆపుకోలేక గట్టు మీద కూలబడ్డాను.

ఆ రోజు చేనంతా తిరిగి, పంట బాగాలేని చోటల్లా మట్టి తీసి కలిపి తెచ్చాను. గింజ కట్టడానికి కావాల్సిన కాల్షియం తక్కువని, జిప్సం వేయాలని తేలింది. పూత సమయంలో కురుమయ్య వేశాడు.

పల్లి పీకే కాలానికి కురుమయ్య మళ్లీ వచ్చాడు. ఒక కాయ పగలగొట్టి నా అరచేతిలో పెట్టాడు. బలిసిన గింజలు! "బొంబాయి లేదు, గింబాయి లేదు బిడ్డా" అన్నాడు.

అతని వెనకే వరండా నిండా ధరూరు రైతులు, చేతుల్లో మట్టి సంచులు.

"నాది ముందు సూడుండ్రి మేడమ్, గడ్డి గూడ మొలువది!"

"నీదేం మన్నురా, నాదైతే అసలు మన్నే గాదు!"

అంతలో ల్యాండ్‌ఫోన్ మోగింది. జిల్లా ఆఫీసు సారు. "నాణ్యత తనిఖీలు చేస్తున్నారు కదా, ఏమైనా ప్రయోజనం కనిపించిందామ్మా?"

రిసీవరును వరండా వైపు తిప్పి పట్టుకున్నాను.