మూటల గది

గడ్డం సగం గీసుకుని ఆగి, అద్దంలో ఉన్న మనిషికి మొదటి స్టాపు పేరు చెప్పాడాయన. "నీళ్ల ట్యాంకు." బాగానే వచ్చింది. బ్లేడు కడిగి ఎడమ చెంప మీదికి పోనిస్తూ రెండోది చెప్పాడు. "కూరగాయల మార్కెట్టు." అదీ వచ్చింది. కుడిచెయ్యి ఇప్పుడు ఇలాంటి పనులకు అక్కరకు రాదు. చెంబు అంచు పట్టుకుని ఊరుకుంటుంది. ఎడమచేత్తో గీసుకోవడం అలవాటైంది గానీ చెవి పక్కన రోజూ నాలుగు వెంట్రుకలు మిగిలిపోతాయి. వాటి సంగతి భార్య చూసుకుంటుంది.

గడియారం స్తంభం, పాత సినిమా హాలు, పెద్దాసుపత్రి అన్నీ వరసగా వచ్చాయి. ఒక్కటి మాత్రం ఎప్పుడూ ఆగేచోటే ఆగింది. పెదాలు కలిపాడు, విప్పాడు, గడ్డం పైకెత్తి ఊపిరి పట్టి అన్నాడు. "మూటల గది."

"మూటలు కాదండీ, మాటలు," అంది వంటింట్లోంచి భార్య, పొయ్యి మీంచి చూపు తిప్పకుండానే.

"రైట్," అన్నాడాయన.

ముప్పై ఏళ్లకు పైగా టౌను బస్సులో కండక్టరు. పొట్టి మనిషి. పైనున్న కమ్మీ పట్టుకుని పట్టుకుని ఒక భుజం పైకి, రెండోది కిందికి స్థిరపడిపోయాయి. మొహం ఎవరికీ గుర్తుండేది కాదు. గొంతు మాత్రం ఊరందరికీ తెలుసు. కునికిపాట్లు పడుతున్నవాళ్లు ఆ గొంతు విని ఉలిక్కిపడి లేచి సరిగ్గా తమ స్టాపులోనే దిగేవారు. పగలంతా అలా అరిచి ఇల్లు చేరేసరికి ఆయన దగ్గర మాటలు మిగిలేవి కావు. భార్య ఏం చెప్పినా "రైట్" అనేవాడు. పక్కింటి గొడవ చెప్పినా అదే, కూతురి పెళ్లిచూపుల సంగతి చెప్పినా అదే. ఆవిడ మొదట్లో కోపం తెచ్చుకుంది, తరవాత నవ్వుకుంది, ఆ తరవాత ఇద్దరి మాటలూ తనే మాట్లాడుకోవడం నేర్చుకుంది.

ఉద్యోగం అయిపోయిన మరుసటి ఏడు, ఒక పొద్దున చెప్పులు తొడుక్కుంటూ పక్కకి ఒరిగిపోయాడు. ప్రాణం దక్కింది, కాలు కొంత దక్కింది, మాట పోయింది. తలకాయలో ఉన్న మాటలన్నీ ఊడ్చిపెట్టుకుపోగా ఒక్క "రైట్" మిగిలింది. నొప్పిగా ఉందా అంటే రైట్. అన్నం పెట్టనా అంటే రైట్. మంచినీళ్లా, మజ్జిగా అంటే రైట్. "ఇంట్లో ఎప్పుడూ ఇంతే కదా, మొదట నాకు తేడా తెలియలేదు," అని భార్య చుట్టుపక్కలవాళ్లకు నవ్వుతూ చెప్పేది. చెప్పి కొంగుతో కళ్లు తుడుచుకునేది. కావాల్సింది ఒకటి, నోట్లోంచి వచ్చేది ఒకటి. ఆయన ఆ ఏడాదంతా గోడవైపు తిరిగి పడుకున్నాడు.

టీచరు దొరక్కపోతే అలాగే పోయేవాడు. ఆమె టీచరు కాదు, మాట పోయినవాళ్లకు మాట తిరిగి నేర్పే వైద్యురాలు. ఒకటే పదం మళ్లీ మళ్లీ చెప్పిస్తుంది కనక వచ్చేవాళ్లంతా టీచరమ్మ అనేవారు. నలభై ఏళ్ల మనిషి, ఎప్పుడూ కాటన్ చీర, నుదుటి మీదికి తోసుకున్న కళ్లజోడు. కుట్టుమిషన్ల షాపు మీద మేడ గది ఆమెది. లోపల ఒక బల్ల, అద్దం, మూడు కుర్చీలు, బయట వరండాలో ఒక బెంచీ. తలుపు మీద "మాటల గది" అని తనే రంగుతో రాసుకుంది.

ఆ గదిని ఊరికి తెలియజెయ్యడానికి ఆమె పడని పాట్లు లేవు. కరపత్రాలు వేయించి న్యూస్‌పేపర్లలో పెట్టిస్తే జనం వాటిని అలమార అరల్లో పరుచుకున్నారు. లైబ్రరీలో ఉచితంగా ఉపన్యాసం ఇస్తే స్టేజీ మీద భయం లేకుండా మాట్లాడడం నేర్పుతారా అని అడిగారు. ఆదివారాలు ఉచిత పరీక్ష అని మందుల షాపులో కాగితం అంటిస్తే ఒక అత్తగారు మెట్లెక్కి వచ్చి, మాటలు తగ్గించే వైద్యం కూడా ఉందా, మా కోడల్ని తీసుకొస్తాను అంది. టీచరు ఆవిడకు మంచినీళ్లిచ్చి పంపింది. అసలు రావలసినవాళ్లకు ఆ గది ఉందని తెలియదు. తెలిసినా ఫలానాచోటికి తీసుకెళ్లమని అడగడానికి వాళ్లకు నోరు లేదు.

కండక్టరుకు ఆమె మొదట నేర్పింది స్టాపుల పేర్లే. కొత్త మాటలు వద్దు, మీ నోటికి అలవాటైనవే పిలుద్దాం అంది. "నీళ్ల" అని ఆమె అందుకుంటే, "ట్యాంకు" అని ఆయన నోరు దానంతటదే అనేసింది. ఆ మాట విని ఆయనే భయపడ్డాడు. నెలలు గడిచి ఒక్కో మాటా చేరింది. ఒకసారి బస్సు వెనక తన గది బోర్డు పెట్టించడానికి ఎంతవుతుందో కనుక్కుని వచ్చి టీచరు నీరసంగా కూర్చుంటే, ఆయన గుండె మీద చెయ్యి వేసుకుని, "నేను... బోర్డు," అన్నాడు. ఆమెకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక చాలాసేపు కళ్లజోడు తుడుచుకుంటూ ఉండిపోయింది.

అప్పట్నుంచీ రోజూ తన పాత రూటు బస్సెక్కేవాడు. డ్రైవరు పాత స్నేహితుడు. కండక్టరు ఇప్పుడొక అమ్మాయి, ఆయన్ని బాబాయ్ అంటుంది. ముందు తలుపు పక్క సీట్లో కూర్చుని స్టాపులన్నీ ఆయన పిలిస్తే, టిక్కెట్లు ఆ అమ్మాయి కొట్టేది. కుట్టుమిషన్ల షాపు రాగానే లేచి నిలబడి, "మాట పోయినవాళ్లు దిగండి, మాటల గది," అని అరవాలని ఆయన పథకం. నోరు మాత్రం "మూట పోయినవాళ్లు దిగండి, మూటల గది," అంది. ఎన్నిసార్లు దిద్దుకున్నా అంతే. ఇంట్లో భార్య దిద్దింది, గదిలో టీచరు దిద్దింది, ఆ రెండక్షరాల మధ్య ఆయన నాలుక రోజూ జారింది.

దాంతో జనం మూటలు పట్టుకుని మేడెక్కడం మొదలైంది. సామాను దాచే చోటనుకున్నారు. మొదటాయన గోనెసంచి దించి రసీదు అడిగితే టీచరుకు ఒళ్లు మండింది. రెండో ఆవిడ పెట్టె దించేసరికి నవ్వొచ్చింది. సరే కానిమ్మని, వరండాలో ఒక మూల ఊడ్చి, సామాను ఉచితంగా పెట్టుకోవచ్చని గోడ మీద రాసింది. సాయంత్రం మూట కోసం వచ్చిన ముసలాయన లోపల అద్దం ముందు ఎవరో పెదాలు సాగదీయడం చూసి, ఏమిటని అడిగి, మర్నాడు నత్తి ఉన్న మనవణ్ణి తీసుకొచ్చాడు. అలా ఒకరిద్దరు వచ్చారు. అయితే మూటలు పెరిగినట్టు మనుషులు పెరగలేదు.

నిన్న టీచరు ఆయన్ని కూర్చోబెట్టి చెప్పింది. నెలాఖరుకు గది ఖాళీ చేస్తానని, వేరే ఊళ్లో పెద్ద ఆసుపత్రివాళ్లు పిలుస్తున్నారని, ఒంటరిగా ఎన్నాళ్లు లాగనని. ఆయనకు కోపం రాలేదు. గోడవైపు తిరిగి పడుకున్న ఆ ఏడాది గుర్తొచ్చింది. ఊళ్లో ఇంకా అలా పడుకుని ఉన్నవాళ్లు ఎందరో అనిపించింది. ఆ గదికి తాళం పడితే వాళ్లు అలాగే పోతారు. ఇదంతా చెబుదామనుకున్నాడు, మాటలు అందలేదు.

ఈ పొద్దున బస్సులో అందుకే ఇంకాస్త గట్టిగా పిలిచాడు. ఛాతీలో ఏదో బరువుగా ఉంది, బస్సు మెట్లెక్కినప్పటి ఆయాసం అనుకున్నాడు. గడియారం స్తంభం దగ్గర భార్యాభర్తలు ఎక్కారు. భర్తకు యాభై ఉంటాయి, వడ్రంగి. చెవి మీద చిన్న పెన్సిలు ఉంది. కుడిచెయ్యి ఒళ్లో పడుకుని ఉంది, నోరు ఒక మూలకు కాస్త దిగింది. కండక్టరమ్మాయి ఎక్కడికని ఆయన్నే అడిగితే, ఆయన నోరు తెరిచేలోపు భార్య "పెద్దాసుపత్రి, రెండు" అంది. వడ్రంగి తెరిచిన నోరు మూసుకుని కిటికీవైపు తిరిగాడు. ఆ తిరగడం కండక్టరుకు తెలుసు.

కుట్టుమిషన్ల షాపు దగ్గర పడింది. ఆయన లేచి కమ్మీ పట్టుకుని వాళ్లకు ఎదురుగా నిలబడి పిలిచాడు. "మూట పోయినవాళ్లు... మూటల గది."

"మా దగ్గర సామానేం లేదండీ," అంది ఆవిడ మర్యాదగా.

వెనక సీట్లో ఎవరో నవ్వారు. ఆయన తల అడ్డంగా ఊపాడు. మళ్లీ అన్నాడు, మళ్లీ మూటే వచ్చింది. బస్సు నెమ్మదించింది. ఇంకోసారి తప్పితే వాళ్లు ముందుకు వెళ్లిపోతారు. టీచరు చెప్పింది గుర్తొచ్చింది, ఒక మాట దగ్గర ఆగిపోతే పక్కదారిన రండి అని. ఆయన ఆ మాట వదిలేశాడు. తన పెదాల మీద వేలు పెట్టుకుని, ఊపిరి తీసుకుని, ఒక్కొక్కటే దించాడు.

"నాది... పోయింది. ఏడాది... లేదు. ఇక్కడ... దొరికింది."

ఆవిడకు ఇంకా అర్థం కాలేదు, కండక్టరమ్మాయివైపు చూసింది. అర్థమైంది వడ్రంగికి. ఎడమచేత్తో ముందు సీటు పట్టుకుని లేచాడు. భార్య కూర్చోమని చెయ్యి లాగితే విదిలించుకున్నాడు. జబ్బు చేశాక ఆయన సొంతంగా తీసుకున్న మొదటి నిర్ణయం అదేనని ఆవిడ తరవాత చెప్పింది.

కండక్టరు వాళ్లతో దిగాడు. దిగేముందు జేబులోంచి రుమాలు తీసి తన సీటు మీద పరిచాడు. బస్సు చివరిదాకా వెళ్లి మళ్లీ ఇటే వస్తుంది, అప్పుడెక్కి తన సీట్లో కూర్చుని ఇంటికి వెళ్లాలి. "నేను చూస్తాలే బాబాయ్, ఎవర్నీ కూర్చోనివ్వను," అంది ఆ అమ్మాయి.

మెట్లు ఎక్కడానికి ఇద్దరికీ చాలాసేపు పట్టింది. ఆయనకు ఎడమ కాలు ముందు, వడ్రంగికీ ఎడమ కాలే ముందు. పైన టీచరు వడ్రంగి మొహం చూసి ఏమీ అడక్కుండా కుర్చీ జరిపింది. తలుపు దగ్గరగా వేసింది. కండక్టరు వరండాలో బెంచీ మీద మూటల పక్కన కూలబడ్డాడు.

లోపల్నుంచి మాటలు వినిపిస్తున్నాయి. పని చేసేటప్పుడు ఆయన ఎక్కువగా ఏ మాట అనేవారని టీచరు అడిగింది. రంపం పట్టినవాళ్లతో "ఇంకొంచెం, ఇంకొంచెం" అంటుండేవాడని భార్య చెప్పింది. అయితే అదే పిలుద్దాం అని టీచరు "ఇం..." అని మొదలుపెట్టింది. తరవాత ఏమీ వినిపించలేదు. మళ్లీ టీచరు గొంతే, మళ్లీ ఏమీ లేదు.

కండక్టరు గోడకు తల ఆనించాడు. బస్సులో తను అన్నది గుర్తు చేసుకున్నాడు. మాట పోయాక అన్ని సొంత మాటలు ఒక్కసారి అనడం ఇదే మొదలు. అవి పరాయివాళ్లకు చెప్పాడు, ఇంట్లో మనిషికి ఎప్పుడూ అన్ని చెప్పలేదు. మాట ఉన్న రోజుల్లోనూ చెప్పలేదు. ఇవాళ ఇంటికెళ్లగానే ఆవిణ్ణి ఎదురుగా కూర్చోబెట్టి రైట్ కాకుండా ఇంకేదైనా చెప్పాలనుకున్నాడు. ఏం చెప్పాలో వెతుక్కున్నాడు. చాలా ఉన్నాయి, వరస కుదరలేదు. సిగ్గేసింది, దుఃఖం కూడా వచ్చింది. ఛాతీలో బరువు భుజం మీదికి పాకింది. ఎడమచెయ్యి తీసి, సరిగా కదలని కుడిచేతి మీద వేసుకున్నాడు. ఒక ఊపిరి తీసుకున్నాడు. ఆ తరవాతది తీసుకోలేదు.

లోపల చాలాసేపటికి "ఇం... కొంచెం" అని మగగొంతు వినిపించింది. వెంటనే ఆడమనిషి ఏడుపు. టీచరు తలుపు తీసుకుని గబగబా బయటికి వచ్చింది.

"కండక్టరుగారూ, విన్నారా? ఆయన మాట్లాడారు."

ఆయన కునుకు తీస్తున్నాడనుకుని భుజం తట్టింది. తట్టిన చెయ్యి అలాగే ఉంచి, పక్కన బెంచీ మీద కూర్చుంది. ఏడ్చింది. ఊరు వదిలిపోదామనుకున్నందుకు ఆమెకు తన మీద తనకే అసహ్యం వేసింది. ఉండిపోవాలని అక్కడే అనుకుంది. తరవాత ఉండిపోయింది కూడా. అప్పటికి మాత్రం ఇంటికి కబురు చెయ్యాలనుకుంటూ, ఆయన భార్యకు ఆ సంగతి ఎలా చెప్పాలో తెలియక కూర్చుంది.

కింద బస్సు తిరిగి వచ్చి ఆగింది. కండక్టరమ్మాయి తలుపులోంచి వంగి మెట్లవైపు చూసింది. ఎవరూ దిగి రాలేదు. కాసేపు ఆపించింది. డ్రైవరు రెండుసార్లు హారన్ కొట్టి, ఇంకా చూసి, పాఠం చెప్పించుకుంటున్నాడేమోలే, వచ్చే ట్రిప్పులో ఎక్కుతాడు అన్నాడు. బస్సు కదిలింది. మార్కెట్టు దగ్గర జనం విరగబడి ఎక్కారు. చంటిపిల్లను ఎత్తుకున్న ఒకావిడ ముందు తలుపు పక్క సీటు చూసి, ఇదెవరిదని అడిగింది. వస్తారండీ, ఒకాయన వస్తారు అంది కండక్టరమ్మాయి. వెనక సీట్లో వాళ్లను లేపి ఆవిణ్ణి అక్కడ కూర్చోబెట్టింది. కాలు పెట్టే చోటు లేని ఆ బస్సులో ఆ ఒక్క సీటూ ఖాళీగా ఉంది, దాని మీద నాలుగు మూలలూ సరిచేసి పరిచిన నీలం గళ్ల రుమాలు ఉంది.