ప్రతి కాల్‌కీ జవాబు

డ్యూటీ ఎక్కిన దగ్గర్నుంచి హలో అక్క సగం ఊరిని లైన్లో ఉండమంది. ఒకాయనకి రక్తనిధి కావాలి. ఒకావిడకి కోడలు ఏ వార్డులో పురుడు పోసుకుందో తెలియదు, కంగారులో కోడలి పేరు కూడా చప్పున నోటికి రావడం లేదు. ఇంకొకాయనకి ఫలానా డాక్టరంటూ ఎవరూ అక్కర్లేదు, ఎవరో ఒకరిని తిట్టాలి. ఆయన్ని కూడా లైన్లో ఉండమంది. ఆయన ఉన్నాడు కూడా.

ఆసుపత్రి ఎక్స్ఛేంజి గది మెట్ల కింద ఉంది. కిటికీ లేదు. పైన ఎవరు మెట్లెక్కినా ఆవిడ నెత్తిమీద ఎక్కినట్టే ఉంటుంది. బోర్డు నిండా చిన్న చిన్న లైట్లు, దాని ముందు ఒక కాలు పొట్టిదైన టేబులు, చెవులకి పెట్టుకునే హెడ్‌సెట్టు. హెడ్‌సెట్టు మెత్తలు ఎప్పుడో చిరిగిపోతే కొత్తవి అడిగింది. వస్తాయన్నారు. అవి వచ్చేదాకా పనికొస్తుందని పాత నూలుగుడ్డ చుట్టింది, ఆ గుడ్డ కూడా ఇప్పుడు మూడోది. ఆ మెత్తలు ఒరుసుకుని చెవి వెనక చర్మం నల్లగా కాయ కాసింది. జుట్టు దానిమీదికి దువ్వుకుంటుంది.

ఆవిడ మొహం తెలిసినవాళ్లు ఆ భవనంలో నలుగురైదుగురు ఉంటారేమో. గొంతు మాత్రం సూపరింటెండెంటు నుంచి ఊడ్చేవాళ్ల దాకా అందరికీ తెలుసు. ఎవరు పెట్టారో గానీ హలో అక్క అన్న పేరు అలా స్థిరపడిపోయింది. ఇంటికెళితే ఆవిడ నోరు విప్పదు, ఫోను మోగినా ఎత్తదు. గడియారాలు బాగుచేసే మొగుడు, కంటికి పెట్టుకున్న భూతద్దం తియ్యకుండానే, "ఊరందరికీ హలో చెబుతావు, నాకు ఊఁ కొట్టడానికి కూడా ఓపిక లేదా?" అని సణుగుతాడు. ఆవిడ దానికి కూడా ఊఁ కొట్టదు.

ఇదంతా ఎప్పటినుంచో ఉన్నదే. విసుగు దీనితో కాదు. బోర్డు మీద రెండో వరస చివర ఉన్న పచ్చ లైటుతో.

కిందటేడు ఆసుపత్రిలో సిబ్బంది మానసిక ఆరోగ్యానికి ఒక విధానం పెట్టారు. ప్రతి వార్డులో, ప్రతి లిఫ్టు పక్కన పోస్టరు అంటించారు. "మనసు బరువెక్కిందా? మాట్లాడండి, వింటాం." కింద నంబరు. వినడానికి కౌన్సిలర్ ఒకావిడ వచ్చింది, కొన్నాళ్లు బాగానే వింది, కాంట్రాక్టు అయిపోతే వెళ్లిపోయింది. ఆవిడ కోసం కొన్న సోఫా ప్లాస్టిక్ కవరుతో సహా గదిలో ఉంది. గదికి తాళం ఉంది. పోస్టర్లు మాత్రం ఎవరూ పీకలేదు. ఆ గదిలో ఫోను ఎవరూ ఎత్తకపోతే, ఆసుపత్రిలో ఏ ఫోను ఎవరూ ఎత్తకపోయినా జరిగేదే జరుగుతుంది. అది తిరిగి తిరిగి ఆపరేటరు నెత్తిన పడుతుంది, ఆ పచ్చ లైటై.

మొదట్లో హలో అక్క, "కౌన్సిలర్ గారు లేరండీ," అని పద్ధతిగా చెప్పేది. అవతలివాళ్లు పెట్టేసేవారు కాదు. ల్యాబులో పనిచేసే ఒకాయన, "పర్లేదు, మీరే వినండి," అన్నాడు. విన్నది. అక్కడే తప్పు చేసింది. ఒకళ్ల మాట విన్నాక ఇంకొకళ్ల మాట విననని అనడం ఎలా?

అందరిలోకీ ఎక్కువగా ఫోను చేసేది కాలిన గాయాల వార్డు నర్సు. పొద్దున డ్రెస్సింగులన్నీ అయ్యాక, మధ్యాహ్నం భోజనాల వేళ పచ్చ లైటు వెలిగిందంటే ఆ అమ్మాయే. మొహం ఎన్నడూ చూడలేదు. ఆ అమ్మాయి మాట్లాడుతున్నంతసేపూ వెనక టిక్, టిక్ అని చిన్న చప్పుడు వినబడుతుంది. పెన్ను మూత నొక్కుతోంది కాబోలని హలో అక్క అనుకునేది. మనసు బాగున్న రోజు చప్పుడు నిదానం, బాగాలేని రోజు ఊపిరాడనివ్వదు. నిన్న అసలు ఆగలేదు.

"అక్కా, ఇవాళ కూడా చేతులు ఆగలేదు. కట్టు కడుతుంటే వాటంతటవే వణుకుతున్నాయి. ఆ మూలమంచం పెద్దాయన నన్ను చూసి, నేనేమైనా నొప్పి పెట్టానా తల్లీ అని అడిగాడు. ఒళ్లంతా కాలినాయన, నన్ను అడిగాడక్కా."

"సెలవు అడిగావా?"

"అడిగా. ఆ సెలవు కావాలంటే కౌన్సిలర్ కాగితం ఉండాలంట, రూలంట. కౌన్సిలర్ లేరుగా అన్నా. అయితే లైనుకి ఫోన్ చెయ్యమన్నారు."

"చేశావుగా."

"చేశా. నువ్వెత్తావు."

ఇద్దరికీ నవ్వొచ్చింది. నవ్వడం అయ్యాక ఆ అమ్మాయి, "ఇంక నా వల్ల కాదేమో అక్కా. ఒక్క నెల వదిలితే మళ్లీ వచ్చి చేసుకుంటా. ఈ పని నాకిష్టం," అంది.

హలో అక్కకి ఒళ్లు మండింది. ఆ మంటలో మాటిచ్చేసింది. "రేపు ఈ లైను మీద మీటింగట, నన్ను కూడా రమ్మన్నారు. ఏఓ గారినే అడుగుతా. ఆ కాగితం సంగతి తేల్చుకునే వస్తా. మధ్యాహ్నం చెయ్యి, చెబుతా."

"నిజంగా అడుగుతావా?"

"నోరుంది నాకు. దానితోనేగా బతుకుతున్నా."

మీటింగు పై అంతస్తులో. బోర్డు దగ్గర టపాలు పంచే గుమాస్తాని కూర్చోబెట్టి, మోకాళ్లు పట్టుకుని మెట్లెక్కింది. గుమ్మంలో ఒకమ్మాయి నవ్వుతూ తలా ఒక రబ్బరు బంతి ఇచ్చింది. ఒత్తిడి వచ్చినప్పుడు పిసుక్కోవాలట. దానిమీద ఆసుపత్రి గుర్తు, గుర్తు కింద నవ్వుతున్న మొహం. హలో అక్క ఆ మొహాన్ని అరచేత్తో మూసి పట్టుకుని చివరి వరసలో కూర్చుంది.

ఏఓ గారు, అంటే పరిపాలన అంతా చూసే ఆఫీసరు, తెర మీద రంగురంగుల గీతలు చూపించారు. మనిషి మంచివాడే, గొంతు పెంచడు. "మనసు లైను పెట్టినప్పుడు చాలామంది పెదవి విరిచారు. ఇవాళ చూడండి. వచ్చిన ప్రతి కాల్‌కీ జవాబు దొరికింది. ఒక్కటంటే ఒక్కటి వృథా పోలేదు."

చప్పట్లు కొట్టారు. హలో అక్కకి కూడా చేతులు లేచాయి, అలవాటు. తర్వాత మనిషే లేచింది.

"ఎత్తింది నేనండీ. కౌన్సిలర్ గారు లేరు కదండీ."

ఏఓ గారి మొహం వెలిగిపోయింది. "విన్నారా? నేననేదీ అదే! మన వ్యవస్థలో ఎవరో ఒకరు ఎత్తుతున్నారు. ఇంత బాగా నడుస్తుంటే కొత్త పోస్టు కావాలని అడిగితే పైవాళ్లు నవ్వరూ?"

"అలా కాదండీ. సెలవుకి ఆ కాగితం ఎవరిస్తారని..."

"అది ఇవాళ్టి అజెండాలో లేదమ్మా. రాసివ్వండి, చూద్దాం. మీ సేవకి మాత్రం అందరి తరఫునా థాంక్స్."

మళ్లీ చప్పట్లు. ఊళ్లో నోళ్లన్నిటినీ రోజంతా ఒకదానికొకటి కలిపే మనిషికి అక్కడ తన నోరు పెగల్లేదు. కూర్చుంది. ఇప్పుడందరం కళ్లు మూసుకుని గాలి లోపలికి పీల్చుకుందాం అన్నారు. మూసుకుంది. దూరంగా ఏదో గదిలో ఫోను మోగుతోంది, ఎవరూ ఎత్తడం లేదు. ఆవిడ చెయ్యి దానంతటదే చెవి దగ్గరికి వెళ్లింది. పక్కనున్నాయన కళ్లు తెరిచి చూసి, మళ్లీ మూసుకున్నాడు.

కిందికొచ్చేసరికి గుమాస్తా లేచి కుర్చీ ఇచ్చాడు. జరిగింది విని తల పట్టుకున్నాడు.

"అక్కా, మీరెత్తుతున్నారు, అదే చిక్కు. ఆ పచ్చ లైటు ఒక్క వారం ముట్టుకోకండి. జవాబు లేని కాల్స్ కనబడితే అప్పుడు కంగారు పడతారు, మనిషిని వేస్తారు."

"మరి ఫోన్ చేసినవాళ్లు?"

"వారమేగా."

అతను టపాల సంచీ తగిలించుకుని వెళ్లిపోయాడు. హలో అక్క వంగి బంతిని టేబులు పొట్టికాలు కింద దూర్చింది. టేబులు ఊగడం మానేసింది. ఆ విధానం వల్ల ఇంతవరకూ జరిగిన మేలు ఇదొక్కటే.

మధ్యాహ్నమైంది. భోజనం డబ్బా తీసి మూత పక్కన పెట్టుకుంది. పచ్చ లైటు వెలిగింది.

ఎత్తలేదు. ఎత్తితే ఏం చెప్పాలి? అడిగాను, అజెండాలో లేదన్నారు, బంతి ఇచ్చారు అని చెప్పాలా? నోరుందన్న మనిషి ఏ మొహంతో చెబుతుంది? ఎత్తకపోతేనే మేలు కదా, కౌన్సిలర్‌ని వేస్తారు, కాగితం వస్తుంది, అది ఆ అమ్మాయికే మంచిది కదా అనుకుంది. నిజానికి ఆవిడకి సిగ్గేసింది, అంతే. ఆ సిగ్గుకి గుమాస్తా మాట మంచి చొక్కాలా దొరికింది, తొడుక్కుంది. లైటు వెలిగి ఆరి, వెలిగి ఆరి, ఆగిపోయింది.

కలిపిన ముద్ద నోటిదాకా వెళ్లలేదు. మళ్లీ వెలిగింది. ఈసారి ఓ నాలుగు మోతలు ఓర్చుకుని, ఎంగిలి చేత్తోనే మీట నొక్కింది.

"అమ్మా, నేనే, చెప్పమ్మా..."

టిక్ అని ఒక్కసారి వినబడింది. తర్వాత లైను తెగిపోయింది.

వార్డుకి తనే చేసింది. మోగింది, ఎవరూ ఎత్తలేదు. మళ్లీ చేద్దామంటే బోర్డంతా ఒక్కసారిగా వెలిగింది. అంబులెన్సు కావాలి, ఎముకల డాక్టరు కావాలి, పొద్దుటి తిట్ల పెద్దమనిషికి ఇంకా ఏదో మిగిలింది. మనిషి లేకుండా బోర్డు వదలకూడదు, అది ఇప్పటి విధానం కాదు, తాతలనాటిది. మధ్యమధ్యలో వార్డుకి చేస్తూనే ఉంది. మోగుతూనే ఉంది. తర్వాతి షిఫ్టు ఆపరేటరు ఎప్పటిలాగే ఆలస్యంగా, ఎప్పటిలాగే బస్సుని తిట్టుకుంటూ వచ్చాడు. ఆవిడ హెడ్‌సెట్టు అతని చేతిలో పెట్టి, ఒక్క మాటన్నా అనకుండా మెట్లవైపు నడిచింది. అతను దానికే ఎక్కువ భయపడ్డాడు.

కాలిన గాయాల వార్డుకి ఎప్పుడూ వెళ్లలేదు. వాసన మెట్లమీదే ఎదురొచ్చింది. లోపల ఆయా ఒకావిడ గాజుగుడ్డ ముక్కలు మడత పెడుతోంది. మూలమంచం మీద పెద్దాయన నిద్రపోతున్నాడు, చేతికి కట్టు ఎక్కడా ముడత లేకుండా శుభ్రంగా ఉంది.

"సిస్టర్..."

"మా సిస్టరా? ఆవిడ వెళ్లిపోయారుగా. కాగితం రాసి మేట్రన్ గారి టేబుల్ మీద పెట్టేశారు. వాళ్లన్నయ్య వచ్చి తీసుకెళ్లాడు."

"ఎప్పుడొస్తుంది?"

"ఇంకెక్కడి రావడం? ఉద్యోగమే మానేశారు." ఆయా మడత పెట్టడం ఆపలేదు. "పొద్దున్నుంచీ బాగానే ఉన్నారు. మధ్యాహ్నం కబురొస్తుంది, రాకపోతే అన్నయ్యతో వెళ్లిపోతా అన్నారు. ఎవరికో ఫోన్ చేశారు, ఎత్తలేదు. మళ్లీ చేశారు. ఈలోపు అన్నయ్య గుమ్మంలోకి వచ్చేశాడు, పెట్టేశారు. పాపం, అక్క కూడా అలిసిపోయి ఉంటుందిలే అని అనుకుంటూ వెళ్లారు. ఏ అక్కో మరి. ఇంతకీ మీరెవరు?"

"ఎక్స్ఛేంజి," అంది హలో అక్క.

"అయ్యో, హలో అక్కా! గొంతు పోల్చుకోలేకపోయా. జలుబా?"

హలో అక్క నర్సుల టేబులు దగ్గరికి వెళ్లింది. ఫోను, దాని పైన గోడమీద వింటామని చెబుతున్న పోస్టరు. వెళ్లినమ్మాయి కుర్చీని టేబులు కిందికి సరిగ్గా నెట్టి వెళ్లింది. ఫోను పక్కన ఏదో ఉంటే చేతిలోకి తీసుకుని నొక్కింది. టిక్ మంది. పెన్ను కాదు. అన్నాళ్లూ పెన్ననుకుంది.

దాన్ని తీసిన చోటే మళ్లీ పెట్టింది. జుట్టుకి పెట్టుకునే గోధుమరంగు క్లిప్పు, పళ్లలో ఒకటి విరిగిపోయింది, విరిగినచోట పొడుగాటి వెంట్రుక ఒకటి చిక్కుకుని ఉంది.