తుప్పపిట్ట కూత

వసంతం వచ్చి లోకమంతా చిగురించినా ఆ అక్కాచెల్లెళ్ళ మధ్య మాత్రం పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. ఇద్దరూ ఒకే నేచర్ సెంటర్లో గైడ్లు. పొద్దున్నే జనాన్ని చెరువు గట్టు వెంట నడిపించి పిట్టల్ని చూపించడం అక్క పని. అందరూ ఆమెను పిట్టలక్క అంటారు. చెల్లెలికి దక్కింది స్కూలు పిల్లల చేత కాగితాల మీద ఆకులు అతికించే పని. అక్క నడక ఎప్పుడు తన చేతికొస్తుందా అని ఆమె కాచుకుని కూర్చుంది.

ఆమెకు అక్క గుట్టు తెలుసు. అక్క చెవులు మొరాయిస్తున్నాయి. మామూలు మాటలు బాగానే వినిపిస్తాయి, సన్నటి కూతలే అందడం లేదు. బొటనవేలంత తుప్పపిట్ట వసంతంలోనే వస్తుంది, ఆకుల చాటునే కూస్తుంది. పోయినేడు అక్క దాన్ని వినలేదు. జనం తలలు ఎటు తిరిగితే అటు చూపించి, "అదుగో" అంటూ నెట్టుకొచ్చింది. ఈ నడక పోతే తనకిక ఏం మిగులుతుందని ఆమె భయం. ఆ భయం ఆమెను మరింత గయ్యాళిని చేసింది.

ఆ ఆదివారం మేనేజరు కూడా నడకకు వచ్చాడు. పిలిచింది చెల్లెలేనని అర్థమై అక్కకు ఒళ్ళు మండింది. గట్టు పొడవునా పసుపు పూలు విరగబూసినా ఆమె కంటికి ఆనలేదు.

మలుపు దగ్గర చెల్లెలు టక్కున ఆగి, చెవి దగ్గర చెయ్యి పెట్టింది.

"అక్కా, తుప్పపిట్ట! విన్నావా?"

"వినకేం? నాకు చెవుల్లేవనుకున్నావా?" అంది అక్క గబుక్కున. "మగది. కుడివైపు పొదలో ఉంది."

చెల్లెలు చెయ్యి దించి నవ్వింది. "ఏ పిట్టా కూయలేదక్కా."

అక్క ముఖంలో నెత్తురు చుక్క లేదు.

కానీ చెల్లెలు ఒక్క సంగతి మరిచిపోయింది. పిట్టల నడకకు వచ్చిన మనిషి చచ్చినా తనకు వినపడలేదని ఒప్పుకోడు.

"కూయకపోవడమేంటి? నేను స్పష్టంగా విన్నాను," అన్నాడు టోపీ పెట్టుకున్న రిటైర్డ్ టీచరు.

"నేను రెండుసార్లు విన్నా," అంది ఆయన భార్య, మొగుడికి తానేం తీసిపోనన్నట్టు. "అంటే మేమంతా అబద్ధాలకోరులమా అమ్మాయ్?"

"కాదండీ, ఊరికే పరీక్షకని..." చెల్లెలు నీళ్ళు నమిలింది.

"అక్కనే పరీక్షిస్తావా? అదీ వచ్చినవాళ్ళ ముందు!" మేనేజరు కసిరాడు. "ఇక నువ్వు నడకల వైపు రావద్దు."

అక్క గెలిచింది. గెలిచినా నోరంతా చేదుగా ఉంది. వీళ్ళ తలలనా ఇన్నాళ్ళూ తాను నమ్ముకున్నది!

కొంచెం దూరం పోయాక చెల్లెలు మళ్ళీ ఆగింది. ముఖంలో కోపమంతా కరిగిపోయి, కళ్ళు ఎడమవైపు తుప్ప మీద నిలిచిపోయాయి. చిన్నప్పుడు అక్క వేలు పట్టుకుని మొదటిసారి ఆ కూత విన్ననాడు కూడా ఇలాగే నోరు తెరుచుకుని నిలబడింది.

"అక్కా, ఒట్టు," అంది మెల్లగా. "ఈసారి నిజంగా కూస్తోంది."

ఒక్కరూ తల తిప్పలేదు. మేనేజరు మాత్రం అక్క వైపు చూశాడు. అక్క చెవులు రిక్కించింది. గాలి చప్పుడు తప్ప ఏమీ లేదు. కానీ చెల్లెలి ముఖం అబద్ధం చెప్పడం లేదని ఆమెకు తెలుసు. ఏడాదంతా తాను ఎదురుచూసింది ఆ పిట్ట కోసమే.

"అక్కడేం లేదు," అంది గట్టిగా. "పదండి."

అందరూ ఆమె వెనకే కదిలారు. చెల్లెలు ఒక్కతే వింటూ అక్కడే ఉండిపోయింది.