పెరట్లో బండ

యుద్ధం రోజుల్లో కూరగాయలు దొరకడం కష్టమై, కె.ఆర్.పురం రైల్వే స్టేషన్‌లో గుమాస్తాగా పనిచేసే వెంకటరాయప్ప పెరట్లో తోట వేయాలనుకున్నాడు. అదంతా రాళ్ల నేల. రోజూ పొద్దున్నే గడ్డపారతో రాళ్లు పెకలించేవాడు. భార్య మునివెంకటమ్మ మట్టిలో పేడ ఎరువు కలిపేది.

ఒక ఆదివారం గడ్డపార పెద్ద బండకు తగిలి ఖంగుమంది. అతను చెయ్యి ఆపాక, అదే చప్పుడు బండ కింద నుంచి వచ్చింది. మెల్లగా కొడితే మెల్లగా, గట్టిగా కొడితే గట్టిగా.

"కింద బోలుగా ఉండాదేమో," అన్నాడు.

"బోలైతే, మీరు ఆపినాక ఎట్ల మోగుతాది?" అంది ఆమె.

అతను భయపడి గుంత పూడ్చేశాడు. పైన చెరువు మట్టి పరిపించి చిక్కుడు గింజలు నాటాడు. తీగలు ఏపుగా సాగాయి.

వానలు మొదలయ్యాక ఒక మధ్యాహ్నం అతను తొందరగా ఇంటికొచ్చాడు. చిక్కుడు తీగలన్నీ పీకేసి ఉన్నాయి. మునివెంకటమ్మ మట్టి తోడేసిన గుంతలో కూర్చుని, చిన్న రాయితో బండను తడుతూ, చెవి ఆనించి వింటోంది.

"ఏం చేస్తా ఉండావే?"

ఆమె నవ్వింది. "పాపం, మీరు పోయినాక రోజూ పిలుస్తాది. నేను బదులు చెప్తా ఉండాను."

"బయటికి తీయమంటాదా?"

"లేదు. లోపల చల్లగా ఉండాదంట. నన్ను రమ్మంటాది."

వెంకటరాయప్ప ఆమెను చెయ్యి పట్టి లేపాడు. ఆ సాయంత్రమే బండి కట్టించి, హలసూరులోని అన్న ఇంటికి బయల్దేరాడు. బండి వీధి మలుపు తిరిగేదాకా చప్పుడు వినిపిస్తూనే ఉంది. అతను ఆమె చెయ్యి వదల్లేదు.