అడిగి మాన్పించే బడి

భర్త చొక్కా కాలరు మీద ఇస్త్రీపెట్టె నడుపుతున్నా, ఆమె మనసు మూడు దేశాల బడుల చుట్టూ తిరుగుతోంది. ఇరుగుపొరుగు దేశాలే, అన్నీ అంతంతమాత్రం బతుకులే. అయినా మూడింట్లోకీ బీద దేశంలోనే ఆడపిల్లలు ఎక్కువమంది పదో తరగతి దాకా నిలుస్తున్నారు. ఎందుకని ఆఫీసు నివేదిక కోసం రెండేళ్లు తల బద్దలు కొట్టుకుంటే సంగతి తేలింది. అక్కడ పిల్లని బడి మాన్పిస్తానని తండ్రి వస్తే, పెద్ద టీచరు ముందుగా ఆ పిల్లనే పిలిచి, "నీకు మానాలని ఉందా అమ్మా?" అని అడుగుతుంది. పిల్ల మొహం చూశాక చాలామంది తండ్రులు నోరు మూసుకుని ఇంటిదారి పడతారు. మిగతా రెండు దేశాల్లో అడిగే నాథుడే లేడు.

"నీ బడులు దేశాలు దాటాయి గానీ నా చొక్కా ఇంకా బల్ల దాటలేదు," అన్నాడు భర్త. వంటింట్లో పొయ్యి పక్కనే నిలబడి అత్తగారు కేకేసింది, "అమ్మాయీ, పాలు పొంగుతున్నాయి!" రెండో జీతం అందరికీ కావాలి, రెండో జత చేతులు మాత్రం ఎవరికీ లేవు. ఆమె పరిగెత్తి పొయ్యి ఆపింది.

ఆఫీసులో, ఆ నివేదిక చదవడానికి పొరుగు దేశంలో జరిగే సదస్సుకి వెళ్లే మనిషి పేరు ఖాయమైపోయింది. అది ఆమె పేరు కాదు, ఆమె కింద పనిచేసే ఆయనది.

"మీవారికి ఫోన్ చేశానమ్మా. మీకు కుదరదన్నారు," అన్నాడు డైరెక్టరు ఎంతో ఆప్యాయంగా. ఆడవాళ్లని ఊరు దాటించాలంటే ముందు ఇంటాయనని అడగడం ఆయన మర్యాద. మగవాళ్లని పంపేటప్పుడు ఏ ఇల్లాలికీ ఫోన్ చేసిన పాపాన పోలేదు.

ఆమెకి ఒళ్లు మండింది. అంతకు మించి సిగ్గేసింది. ఎక్కడెక్కడి పిల్లల గురించో రెండేళ్లు రాసింది, తనది మాత్రం దీపం కింద చీకటి.

"ఆయన్ని అడిగారు, బాగుంది. నన్నెప్పుడు అడుగుతారు సార్?"

డైరెక్టరు నీళ్లు నమిలాడు. "అబ్బే, మీ ఇబ్బంది చూసే... మీవారు ఏమనుకుంటారో..."

"ఏమనుకున్నా నాతో అనుకుంటారు. నివేదిక రాసింది నేను, చదివేదీ నేనే. టికెట్టు నా పేర మార్పించండి."

మార్పించేదాకా ఆమె కుర్చీలోంచి లేవలేదు. ఆ తర్వాతే వరండాలోకి వచ్చి భర్తకి ఫోన్ చేసింది.

"నాతో ఒక్క మాటైనా చెప్పకుండా ఒప్పేసుకున్నావా?" అని ఎగిరిపడ్డాడు.

"నాతో చెప్పకుండా వద్దన్నది మీరు," అంది ఆమె, గొంతు పెంచకుండా. "నేను మాత్రం చెప్పే వెళ్తున్నాను."